తాటి దోనెలో సర్వర్

1977 డిసెంబరు, ఆదివారం. చలి ఎక్కువ. వాగు దగ్గర ఉన్నవాళ్ళు: నేను, యాకయ్య, సర్వర్.

ఆ రోజు డైరీలో ఇంతే రాసుకున్నాను. అప్పుడు ఏడో తరగతి. డైరీ అలవాటు కొత్త, చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. మొన్న మడికొండ దాటాక రోడ్డు పక్కన ఒకామె తాటి గేగులు, అదే తేగలు, కాలుస్తోంది. మట్టి, పీచు, తీపి కలగలిసిన ఆ వాసన తగలగానే, రాయకుండా వదిలేసినదంతా దానంతటదే గుర్తుకొచ్చింది.

మేం ముగ్గురం వరంగల్ చివర, రైలు కట్టకు దగ్గరగా ఉండేవాళ్ళం. మా నాన్నది కిరాణా దుకాణం, అందుకని మిగిలిన ఇద్దరూ నన్ను సేటు అని వెక్కిరించేవారు. సర్వర్ వాళ్ళ నాన్న రైల్వేలో పట్టాల పని చేసేవాడు. యాకయ్య వాళ్ళకు వాగు అవతల పొలం ఉండేది. కత్వ, అంటే నీళ్ళాపే చిన్న అడ్డుగోడ, కట్టడం వల్ల వానలు పోయినా ఆ వాగులో సంక్రాంతి దాకా నీళ్ళు నిలిచేవి. ఆ నీళ్ళు దాటడానికి వాళ్ళకొక తాటి దోనె ఉండేది.

లావాటి తాటి మొద్దును నిలువునా చీల్చి, లోపలి పీచంతా తవ్వి తీసేస్తే దోనె. మొదలు వైపు గుండ్రంగా మూసుకునే ఉంటుంది. కొస వైపు తెరిచి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ అక్కడ బంకమట్టి ముద్ద మెత్తి అడ్డం కట్టి, ఆ మట్టి తడిగా ఉండగానే నీళ్ళలోకి దింపాలి. ఒక్కరు కూర్చుంటే సరిగ్గా సరిపోయేది, ఇద్దరెక్కితే బోర్లా పడేది. వెదురు కర్రకు రెండు కొసల్లోనూ మా దుకాణంలోని నూనె డబ్బా రేకులు కొట్టి తెడ్డు చేసుకున్నాం. అటొక వేటు, ఇటొక వేటు వేస్తూ పోతుంటే నీటికోళ్ళు తుంగలోకి దూరేవి, ఒడ్డున కందిచేల మీద మంచు ఇంకా విడిపోక తెల్లగా వేలాడుతూ ఉండేది.

సర్వర్‌కు మాత్రం ఆ భాగ్యం లేదు. అంతకు ముందు ఏడు కత్వ దగ్గర జారిపడి నీళ్ళు మింగాడు. అప్పటి నుంచి, తోడు మనిషి లేకుండా దోనె ఎక్కనని వాళ్ళ అమ్మ వాడి చేత ఒట్టు వేయించుకుంది. ఇద్దరు పట్టని దోనెలో తోడెక్కడి నుంచి వస్తుంది? వాడు ఒడ్డున మా బట్టలకు కాపలా కూర్చునేవాడు. ఇంతలో వాళ్ళ నాన్నకు డోర్నకల్ బదిలీ అయింది. సోమవారం పొద్దున బండికే ప్రయాణం. ఇంట్లో సామాన్లు కడుతుంటే సర్వర్ మెల్లగా జారుకుని వాగు దగ్గరికి వచ్చాడు.

"ఇయ్యాల నేనొక్కన్నే పోత. రైలు పుల్ దాక," అన్నాడు. పుల్ అంటే వాగు మలుపు అవతలి రైలు వంతెన.

"నీకు ఈత రాదు గదరా. మీ అమ్మి నన్ను సంపుతది," అన్నాడు యాకయ్య.

"రేపు డోర్నకల్‌ల నాకు దోనె ఎవలిత్తరు? మీరు ఒడ్డు మీదికెళ్ళి ఉరుకుండ్రి. ఫికర్ జేయకుండ్రి."

"ఏమంటవ్ సేటూ?" అని యాకయ్య నా వైపు తిరిగాడు.

నేను మట్టి పిసకడం మొదలుపెట్టాను, అదే జవాబు.

ఆ పొద్దు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే మట్టి చేతుల్లో గడ్డకట్టినట్టు బిగుసుకుని, దోనె కొసకు అంటుకోనన్నది. గేగులు కాల్చడానికి తాటాకు మంట వేసుకుని ఉన్నాం. దోనె కొసను ఆ మంట వైపు తిప్పుదామని ముగ్గురికీ ఒకేసారి తోచింది. గేగులు తినేలోపు అడ్డుకట్ట కుండలా గట్టిపడింది. యాకయ్య వేలితో కొట్టి చూసి మురిసిపోయాడు.

సర్వర్ ఎక్కాడు. మొదట అడ్డదిడ్డంగా తిరిగాడు, తర్వాత చెయ్యి కుదిరింది. మేం కందిచేల గట్టు మీద పరుగెత్తుతున్నాం. వాగు మలుపులో లోతైన మడుగు ఉంది. వాడు సరిగ్గా అక్కడికి చేరేసరికి, మంటకు కాలి ముడుచుకున్న మట్టి అంచులు వదిలి, వెనక నుంచి నీళ్ళు లోపలికి రావడం మొదలైంది.

"ఎనుకకు రా!" అని యాకయ్య గొంతు చించుకున్నాడు.

వెనక్కి తిప్పడం వాడికి రాదు. ఒక్క క్షణం తెడ్డు వదిలేశాడు. ఏడుస్తాడనుకున్నాను. వాడు ఒంటి మీది ఎర్ర స్వెటర్ విప్పాడు. ప్రయాణంలో చలి తగలకుండా వాళ్ళ అమ్మ అల్లిన కొత్త స్వెటర్ అది. దాన్ని ముద్ద చేసి సందులో కుక్కి, దానికి వీపు ఆనించి కూర్చుని మళ్ళీ తెడ్డు అందుకున్నాడు. మొలలోతు నీళ్ళలో కూర్చునే వంతెన కంభం దాకా పోయి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. మా వైపు తిరిగి ఏదో అరిచాడు. అప్పుడే పైన గూడ్సు బండి వచ్చింది. వాడి నోరు తెరుచుకోవడమే కనిపించింది, మాట వినపడలేదు.

ఇప్పుడా వాగులో డిసెంబరుకు నీళ్ళుండవు, కత్వ పగిలి చాలా ఏళ్ళయింది, తాటి మొద్దును దోనెగా తవ్వడం తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. యాకయ్య పోయి నాలుగేళ్ళు.

ఆ రోజు వాణ్ణీ దోనెనూ ఒడ్డుకు లాగాక, సాయంత్రం దాకా మంట దగ్గర కూర్చున్నా స్వెటర్ ఆరలేదు, మట్టి మరక వదల్లేదు. సర్వర్ దాన్ని చంకలో పెట్టుకుని, తల వంచుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున నేనూ యాకయ్యా భయపడుతూనే స్టేషన్‌కు వెళ్ళాం. సర్వర్ వాళ్ళ నాన్న శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు, మా వంక చూడలేదు. వాళ్ళ అమ్మ మాత్రం కిటికీలోంచి నేరుగా మమ్మల్నే చూసింది.

"నిజం జెప్పుండ్రి. ఈడొక్కడే పోయిండా, మీరు గుంజుకపోయిండ్రా?"

"ఒక్కడే పోయిండు చాచీ," అన్నాడు యాకయ్య. "మేం గట్టు మీద ఉన్నం."

"పుల్ దాక?"

"పుల్ దాక."

ఆమె వంగి సర్వర్ చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద వెంట నడుస్తుంటే, ఆమె పక్కనున్న ముసలావిడతో అంటున్న మాటలు వినపడ్డాయి.

"గింత సలిల, వాగుల ఒక్కడే పోయిండట పెద్దమ్మా. ఈత గూడ రాదు మావోనికి!"

బండి వేగం అందుకుంది. కిటికీలో ఆమె చేతులు రెండూ అటొకసారి, ఇటొకసారి తెడ్డు వేస్తూ కనిపించాయి.