కుంకుమ పెట్టిన హార్డ్‌డిస్క్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా జుట్టు నెరవలేదు. అయినా కొన్ని రోజులు మన వయసుతో పనిలేకుండా వెనక్కి వెళ్ళి కూర్చుంటాయి. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం రాక, కొత్తపేటలో మా మావయ్య ఫోటో స్టూడియోలో నేను 'కంప్యూటర్ ఇంజినీరు'గా వెలిగిన రోజులవి. (ఇంజినీరు అన్న మాట మావయ్యది. నేను చదివింది బీకాం.) ఎవరు ఎంత పెద్ద బాధతో వచ్చినా ఒక జోకు వేసి దానికి గాలి తీసేయడం నా అలవాటు. దాన్ని తెలివి అని ఇంట్లో ఎవరూ అనలేదు, నేనే అనుకునేవాణ్ణి.

ఆ స్టూడియో కంప్యూటర్‌కి రెండు కాపురాలు. పాత హార్డ్‌డిస్క్‌లో పాత విండోస్ ఉండేది, ఆల్బమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ అందులో తప్ప పనిచేయదు. నేను పట్టుబట్టి తెప్పించిన కొత్త డిస్క్‌లో కొత్త విండోస్. పొద్దున్నే ఆన్ చేయగానే ఏది కావాలని అడిగేది. మావయ్య వాటికి పెద్దావిడ, చిన్నావిడ అని పేర్లు పెట్టి, "ఇవాళ ఎవరింట్లోరా అల్లుడూ మన భోజనం?" అనేవాడు. చిన్నావిడది వేగం. కానీ వీధి తలుపు తాళం మాత్రం పెద్దావిడ కొంగుకే ఉండేది. అంటే ఏ విండోస్ లేవాలన్నా ముందు పాత డిస్కు మేలుకోవాలి. కొత్తది పెట్టినప్పుడు అలా కుదిరిపోయింది. మార్చడం ఎలాగో తెలియక, అలాగే ఉండటం మంచిదని అందరికీ చెప్పేవాణ్ణి.

దసరాకి మావయ్య కెమెరాలు, లైట్లు, స్టాండ్లు తుడిచి వరసగా పెట్టి ఆయుధపూజ చేశాడు. కంప్యూటర్ డబ్బాకి పైన బొట్టు పెడితే లోపల కష్టపడేదానికి చేరదని ఆయనకి అనుమానం వచ్చింది. నేను ఊళ్ళో లేను. మూత విప్పి, పాత డిస్కుని ఊడదీసి, అమ్మవారి పటం ముందు కూర్చోబెట్టి, పూజయ్యాక మళ్ళీ బిగించి, పండగ సెలవులని పదిహేను రోజులు కొట్టు మూసేశాడు.

ఆ సెలవుల్లోనే ఎదురు హోటల్ పెసరట్టు పిన్ని పోయింది. పిన్ని అంటే చుట్టరికం ఏమీ లేదు, ఆకలి వల్ల కలిసిన వరస. పొద్దున్న పిండి రుబ్బిన మనిషి మధ్యాహ్నానికి లేదు. రేపు పెద్దకార్యం అనగా, మేం మళ్ళీ కొట్టు తెరిచిన రోజే, వానలో తడుచుకుంటూ వాళ్ళాయన (మేం హోటల్ బాబాయిగారు అనేవాళ్ళం) స్టూడియోకి వచ్చి బల్ల చివర కూర్చున్నారు.

"గోడకి పెట్టుకునే ఫోటో కావాలండి."

"ఉన్నది ఇవ్వండి, పెద్దది చేసిస్తాను," అన్నాడు మావయ్య.

"ఆధార్ ఫోటో ఒక్కటే ఉందండి. అందులో నన్ను తిట్టబోతున్నట్టుంటాది. ఇన్నాళ్ళూ పడ్డాను కదండీ, ఇంక గోడ మీంచి కూడానా?"

నవ్వాలో వద్దో తెలియక నేను వాన వైపు చూశాను.

"మొన్న పెళ్ళికి వంటకెళ్ళినప్పుడు మీరు తీసేరంట కదండీ. 'ఫోటో తీసేరు, నవ్వేను' అని చెప్పింది ఇంటికొచ్చి."

తీసిన మాట నిజం. కానీ పెళ్ళివారి ఆల్బమ్‌లో వంటవాళ్ళని ఎవరు పెట్టించుకుంటారు? ఆ నవ్వు పెద్దావిడ దగ్గర తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

ఆన్ చేశాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బూటయ్యే డిస్కు ఏదీ దొరకలేదంది. "ఏం లేదు బాబాయిగారూ, దానికింకా సెలవుల బద్ధకం పోలేదు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి రిపేరు మొదలెట్టాను. అది కాసేపు వెతికి, నా వల్ల కాదంది. సెటప్‌లోకి వెళ్ళి చూస్తే చిన్నావిడ ఒక్కతే కనబడుతోంది. పెద్దావిడ ఉండాల్సిన చోట ఖాళీ.

"పోనీ అంతా కొత్తగా వేసేయరా అల్లుడూ."

"వేస్తే విండోస్ వస్తుంది మావయ్యా. ఫోటో రాదు."

బాబాయిగారు మెల్లిగా అడిగారు. "అంటే అదీ పోయిందా అండీ?"

ఆ 'అదీ' అన్న మాటకి నా దగ్గర జోకు లేదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి మూత విప్పాను. పెద్దావిడ ఎర్రగా మెరిసిపోతోంది.

"దీన్నెవరు విప్పేరు?"

"నేనేరా అల్లుడూ. పూజకి."

డిస్కుకి నుదురు ఎక్కడుంటుందో తెలియక, కేబుల్ దూర్చే నోటికే గంధం, కుంకుమ తడిపి దట్టంగా పెట్టాడు. అది ఎండి, గట్టిపడి, కేబుల్ పూర్తిగా లోపలికి పోకుండా అడ్డుపడింది. లెన్సులు తుడిచే స్పిరిట్, ఒక పాత టూత్‌బ్రష్ తీసుకుని గోకడం మొదలెట్టాను. "అమ్మవారి బొట్టురా, మెల్లిగా," అని మావయ్య. బాబాయిగారు సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నారు. ఆయన చూపు ఖాళీ తెర మీదే ఉండటం వల్ల వెలుగు డిస్కు మీద కన్నా మావయ్య పొట్ట మీదే ఎక్కువసేపు పడింది.

మళ్ళీ బిగించి ఆన్ చేశాను. ఏది కావాలని అడిగింది. అంత మర్యాదగా నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు.

ఫోటో దొరికింది. వెనకాల పెళ్ళివంటల గాడిపొయ్యి, చుట్టూ ఆవిరి, మొహానికి సగం అడ్డంగా ఎత్తిపట్టిన గరిటె, మిగతా సగమంతా నవ్వు.

"గరిటె చెరిపేసి, వెనకాల పూలతోట పెడతానండి. పట్టుచీర కూడా కట్టచ్చు," అన్నాడు మావయ్య ఉత్సాహంగా.

"వద్దండి. గరిటె తీసేత్తే మా ఆవిడ కాదండి, ఎవరో పెద్దింటావిడ అవుద్ది." తెర దగ్గరికి జరిగారు. "ఎందుకండీ అంత నవ్వింది?"

మావయ్యకి గుర్తులేదు.

"నాకు చెప్పిందండి ఆవేళ. నేనే సరిగ్గా వినలేదు. ఉల్లిపాయలు కోత్తన్నాను."

ఉల్లిపాయల మీద నా దగ్గర ఒక జోకు తయారుగా ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నేను ప్రింటర్‌లో కాగితం పెట్టాను.

ఇప్పుడు అమలాపురంలో నాదే ఒక కంప్యూటర్ల కొట్టు. రెండు డిస్కులున్న కంప్యూటర్ వస్తే, తాళం ఎవరి కొంగున ఉందో చూసుకున్నాకే మూత విప్పుతాను. ఆ ఉల్లిపాయల జోకు మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బాగుంటుంది. ఎప్పుడైనా కొట్లో ఎవరూ లేనప్పుడు గుర్తొస్తే, ఆ ఇంజినీరు కుర్రాణ్ణి తలచుకుని కొంచెం నవ్వుకుంటాను.