వదిన అర్రల నిప్పులు

ఏండ్లకేండ్లు గీ బరువు మోస్తున్న. ఇగ నాతోని అయితలేదు. మీరెవరో నాకు ఎరుకలేదు, గందుకే మీకు చెప్తున్న. ఎరుకున్నోళ్ల ముందట నోరు పెగలదు.

ఉట్నూర్ దిక్కు మా ఊర్లె చలి ఎముకలు కొరుకుతది. వదినకు తల్లి లేదు, అందుకని పురుడు మా ఇంట్లనే అయింది. బాలింతకు గాలి తగులొద్దని నన్ను కన్న అవ్వ, వదిన పండుకునే అర్రకున్న ఒక్క కిటికీల గోనెసంచి కుక్కింది. పొద్దుమూకంగ తుమ్మకట్టె కాలవెట్టి, పొగ పోయినంక ఆ నిప్పులున్న ఇనుప తట్ట వదిన మంచం కింద పెట్టుడు నా పని. ఆ రోజు పసిపిల్ల ఒకటే ఏడుస్తుందని అవ్వ తన పక్కల ఏసుకున్నది. నేను తట్ట పెట్టి వస్తుంటే వదిన పిలిచింది.

"జర గా సంచి తియ్యవా, తల పగిలిపోతుంది."

"అవ్వ తిడ్తది వదినా."

"జరంతనే తియ్యి."

"పొగ ఏడున్నది? ఊకె పరేషాన్ చెయ్యకు, పండుకో."

టీవీల సీరియల్ షురువైంది. గదీ నా తొందర. కుక్క దూరుతదని బయట గొళ్లెం పెట్టి ఉరికిన.

తెల్లారి వదిన లేవలే.

అవ్వ అడిగితే మంచిగనే పండుకున్నదని చెప్పిన. తల నొస్తుందన్నదని చెప్పలే. ఆమె లేచి తలుపు కొట్టిందా? టీవీ సప్పుడుల నాకే వినవడలేదా? ఏమో. ఊరంత పసిపిల్ల మీద పడ్డది, పుట్టంగనే తల్లిని మింగిందని. విని ఊకున్న. నా మీదికి రాలేదు, అమ్మయ్య అనుకున్ననా? అనుకున్న. అబద్ధమెందుకు!

మూసిన అర్రల నిప్పులుంటే పొగ లేకున్నా కనవడని విషం పుడ్తదని, ముందుగాల తలనొప్పే వస్తదని శాన ఏండ్లకు దవాఖానల నర్సమ్మ చెప్పింది. అప్పుడు నాకు తెల్వదు, నిజమే. కానీ తల పగులుతుందని మనిషి మొత్తుకుంటే వినుటానికి ఏం తెలివి కావాలె? తెలిసినంక కూడ ఎందుకు నోరు తెరువలే? ఆ పిల్ల బడికి పోయినా, పెండ్లయినా, అదే మాట ఆమె ఎనుక పోతనే ఉన్నది. నేనే ఎత్తుకొని పెంచిన. ముద్దులు పెట్టిన, నిజం మాత్రం చెప్పలే.

ఇప్పుడు ఆమెకు నెలలు నిండుతున్నయి. మొన్న మంచిర్యాలకెల్లి వచ్చి, నా ఒళ్లె తల పెట్టి అడిగింది.

"అత్తా, నేను మా అవ్వను మింగినట్టు, గీ బిడ్డ నన్ను మింగుతదా?"

ఛీ, నా బతుకు చెడ! అప్పుడు కూడ చెప్పలే. తల నిమురుకుంట కూసున్న.

అప్పటిసంది కూసుంటే లేవాలనిపిస్తది, లేస్తే ఏడికి పోవాల్నో తెల్వదు. రేపు బస్సెక్కి మంచిర్యాలల ఆమె తానకు పోత. తలుపు తీస్తదో, మొఖం మీద వేస్తదో. మాఫీ అడుగను. ఏ మొఖంతోని అడగాలె? చెప్పాల్సింది మాత్రం చెప్త. ముందుగాల మీకు చెప్పి నోటికి అలవాటు చేసుకుంటున్న: నువ్వు ఎవరినీ మింగలే బిడ్డా. మీ అవ్వను నేను సంపిన.