రాజ్‌కుమార్ తాత చెప్పిన సీటు

రాజ్‌కుమార్ తాతకు ఈ లోకంలో సీటంటే ఒక్కటే, బస్సులో సీటు. ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాడన్నది కాగితాల మీది మాట. మనిషి మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. ఎమ్మెల్యే సీటు ఎవరికొస్తుందని జగిత్యాల చాయ్ హోటల్లో జనం వాదులాడుకుంటుంటే, "ముందుగాల పోయి కిటికీలకెల్లి దస్తీ ఏసుకున్నోనికి" అని తీర్పు చెప్పి చాయ్ తాగి వెళ్లిపోయాడు.

పెళ్లి సంబంధాలకూ అదే తూకం. పిల్ల ఊరికి నేరుగా బస్సుందా, మధ్యలో దిగి ఎక్కాలా? దిగి ఎక్కాలంటే ఆ సంబంధం వద్దంటాడు. పక్కింటి సత్యవ్వ మోకాళ్ల నొప్పులకు పెద్ద డాక్టరు పేరు చెప్పమంటే, బస్టాప్ పక్కనున్న పళ్ల డాక్టరు పేరు చెప్పాడు. పాపం సత్యవ్వ వెళ్లింది కూడా.

అట్లాంటి మనిషిని డిగ్రీ సీటు గురించి అడిగింది అలేఖ్య.

ఆమె ఎదురింటి అంజవ్వ కూతురు. ఇంటర్‌లో వెయ్యికి నాలుగు వందల పదకొండు వచ్చాయి, అవీ సప్లిమెంటరీ పుణ్యమా అని. తొమ్మిది వందలు దాటిన పిల్లల ఇళ్లకు కాలేజీల వాళ్లు కానుకల సంచులతో వచ్చి బతిమాలి వెళ్లారు. అలేఖ్య గడప ఒక్కరూ తొక్కలేదు. మస్కట్ నుంచి తండ్రి ఒకటే మాట చెప్పాడు: ఈ ఏడు సీటొస్తే చదువు, రాకపోతే అమ్మ పక్కన కూచుని బీడీలు చుట్టుడు. అలేఖ్యకు తునికాకు వాసనకే తలనొప్పి లేచేది.

డిగ్రీ సీట్లకు ఫోన్‌లోనే కాలేజీల పేర్లు వరుసగా పెట్టుకోవాలి. మార్కులను బట్టి మూడు విడతల్లో ఇస్తారు. మొదటి విడతలో స్నేహితురాళ్లను చూసి అన్నీ హైదరాబాద్ కాలేజీలే పెట్టింది. హైదరాబాద్ ఆమె మొహం కూడా చూడలేదు. రెండో విడతకు అంజవ్వే తాత దగ్గరికి పంపింది. ఆయనకు తెలియని కాలేజీ లేదని ఆమె నమ్మకం. అబద్ధమూ కాదు, చుట్టుపక్కల ప్రతి కాలేజీ ముందూ ఆయన బస్సు ఆపినవాడే.

"సిరిసిల్లల సీటు దొరుకుతదా తాతా?"

"పొద్దుగాల ఆరింటికయితె పక్కా దొరుకుతది. లేటయితె నేను జిమ్మేదారి గాదు."

అలేఖ్య అయిదింటికే లేచి తలస్నానం చేసింది. దేవుడికి దీపం పెట్టింది. ఫోన్‌లో సిరిసిల్లలోని ఒక పెద్ద కాలేజీ పేరు పెట్టి, సరిగ్గా ఆరు కొట్టగానే నొక్కింది. పక్కా అన్నాక రెండో పేరు ఎందుకని ఆ ఒక్కటే పెట్టింది. లిస్టులో ఆమె పేరు రాలేదు.

తాత రోజూ పొద్దున బస్టాండులోనే కూచుంటాడు. అలేఖ్య నేరుగా అక్కడికే పోయింది. "నీకు బస్సు తప్ప ఏం తెల్వదా తాతా? నీ మాట పట్టుకొని ఒక్కటే కాలేజి పెట్టిన. నా చదువు ముంచినవ్" అని అందరి ముందూ కడిగేసింది. సంగతి అర్థమయ్యాక బస్టాండంతా ఒకటే నవ్వు. పండ్ల బండి ఇబ్రహీం అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తాత ఒక్కడే నవ్వలేదు.

"గా సీటా బిడ్డా" అన్నాడు నెమ్మదిగా.

ఆ మొహం చూశాకైనా ఆగాల్సింది. ఆగలేదు. ఇంకో రెండు మాటలు అనే వచ్చింది. ఆ రెండు మాటలు ఏమిటో అలేఖ్య ఇప్పటికీ ఎవరికీ చెప్పదు.

తర్వాత నాలుగు రోజులు తాత బస్టాండులో కనబడలేదు. అయిదో రోజు, ఆఖరి విడత రేపటితో ముగుస్తుందనగా, అంజవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కోరుట్లలో ఒక కాలేజీ పేరు చెప్పి మొదట అది పెట్టమన్నాడు. దాని కింద ఇంకో మూడు చెప్పాడు. పోయినేడు కోరుట్ల కాలేజీలో ఆఖరి సీటు మూడు వందల తొంభై మార్కులకు పోయిందట. ఆయన నోట బస్సు టైము కాని అంకె వినడం అలేఖ్యకు అదే మొదలు.

కోరుట్లే ఎందుకని అడిగింది.

"ఏడు నలభై బస్సు ఈడికెల్లే మొదలయితది, ఖాళీగుంటది. మార్కులు తక్కువొచ్చినోళ్లు చదువు మానుడు నేను సూడలే బిడ్డా. రోజూ నిలవడి పోయినోళ్లు మానుడు సూసిన. దసరా దాంక వస్తరు, ఎనక కనవడరు."

సీటొచ్చింది. మొదటి రోజు ఏడు నలభై బస్సులో కండక్టర్ శైలజ మిగతా కథ చెప్పింది. తాత ఆ నాలుగు రోజుల్లో సిరిసిల్లకు రెండుసార్లు, కోరుట్లకు మూడుసార్లు తిరిగాడు. ప్రతి కాలేజీ ఆఫీసులో నిలబడి, ఆఖరి సీటు ఎన్ని మార్కులకు పోయిందని అడిగాడు. ఒకచోట గుమాస్తా, చేరేది మీరేనా అని వేళాకోళమాడితే, "నాకొస్తదా సారూ?" అని అడిగి మరీ అంకె రాబట్టాడట. బస్సంతా నవ్వింది. అలేఖ్యకూ నవ్వొచ్చింది గానీ, కిటికీ వైపు తిరిగింది.

క్షమించమని చెప్పాలని ఆ సాయంత్రమే వెళ్లింది. తాత అరుగు మీద కూచుని, తొంభై ఎనిమిదిలో మేడిపల్లిలో ఎక్కిన ఒక ముసలమ్మ గంపలో ఎన్ని కోళ్లున్నాయో అంజవ్వకు లెక్క చెబుతున్నాడు. ఏడు కోళ్లు, ఒక పుంజు.

"తాతా, ఆ రోజు బస్టాండుల నేను అన్నది..."

"ఏ రోజు?"

"అదే, అందరి ముందట..."

"నాకు యాదికి లేదు బిడ్డా. ముసలోన్ని అయిన" అన్నాడు తాత, పక్కకు జరిగి చోటిస్తూ. "ఇయ్యాల కాలేజిల ఏం చెప్పిండ్రు?"

అలేఖ్య కూచుంది. మొదటి పాఠం చెప్పసాగింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తాత చివరిదాకా తలూపాడు.