పది అడుగులు జరపని మందిరం

ఏళ్ల తరబడి ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. అబద్ధం. నాకు కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అయినా మీకే చెబుతున్నాను. ఎందుకంటే చెప్పాల్సిన మనిషి ముందు ఇప్పటికి నాలుగుసార్లు నిలబడి, బాగున్నావా మామా అని అడిగి తిరిగొచ్చేశాను.

బీదర్ ఊరి బయట, గుట్ట వాలులో ఒక ధ్యాన మందిరం ఉంది. కట్టింది నేను. మైసూరు రాష్ట్రం పేరు పోయి బోర్డుల మీద కర్నాటక అని కొత్తగా రాస్తున్న రోజులవి. ఓవర్సీరు చదువు అప్పుడే ముగించాను, అది నా మొదటి పని. యోగా నేర్పే గురూజీ ఒకాయన స్థలం చూపించి ఒక్కటే షరతు పెట్టాడు. ఈ నేలను నొప్పించకుండా కట్టాలి. సిమెంటు వద్దు, కరెంటు ఫ్యాను వద్దు. నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. అక్కడే తవ్వి తీసిన ఎర్రరాయితో మూరెడు మందం గోడలు, బెల్లం నీళ్లు పోసి రుబ్బిన సున్నం, చల్లగాలి రావడానికి కింద కంతలు, వేడిగాలి పోవడానికి పైన కంతలు. ఎనిమిది మూలల హాలు, నడిమధ్యలో గురూజీ కూర్చునే గద్దె. ఆ నక్షాను ఎన్నిసార్లు చెరిపి గీశానో లెక్కలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించాను. అందులో ఒక్క గీత కదపమన్నా నా మీద చేయి చేసుకున్నట్టే ఉండేది.

గద్దె కోసం నాలుగడుగులు తవ్వేసరికి గడ్డపార ఖంగుమంది. పెద్ద బండ. ఎత్తి చూస్తే కింద నిలువునా చీకటి. చల్లటి గాలి మొహానికి కొట్టింది. అడుగున ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. మేస్త్రి సాయిలు చూడగానే పోల్చాడు. సుల్తానుల కాలంలో నేల కింద నీళ్ల కోసం తొలిచిన సురంగం అది, ఇది దాని నోరు, మూయకూడదు. హాలును పది అడుగులు పక్కకు జరపమన్నాడు. అప్పుడు గోడ వారకు వచ్చే ఆ నోటి మీద చిల్లుల రాతి జాలీ పెడితే ఆ గాలే లోపలంతా చల్లగా ఉంచుతుందని కూడా అన్నాడు.

పది అడుగులు! అంతే. జరిపితే ఒక మూల వాలులోకి దిగుతుంది, నక్షా మళ్లీ గీయాలి. ఇంకో భయం కూడా ఉంది. గురూజీకి తెలిస్తే అసలు ఇక్కడ కట్టనే వద్దంటాడేమో, నా మందిరం కాగితం మీదే ఉండిపోతుందేమో అని. ఆయన భాల్కిలో శిబిరం పెట్టుకుని వారం రోజులు పోయినప్పుడు, పట్టపగలే, బండ్లకొద్దీ రాళ్లూ మట్టీ అందులో పోయించాను. సాయిలు పార కింద పడేసి దూరంగా పోయి కూర్చున్నాడు. నీళ్ల చప్పుడు ఆగిపోయాక పైన దిమ్మిస కొట్టించాను. గాలి కోసం గోడ గోడకూ కంతలు పెట్టినవాణ్ణి, నేల తనంతట తానిచ్చే గాలిని మూసేశాను. తెలివితక్కువతనమా, పొగరా? పొగరే. తెలివి లేదనడానికి వీల్లేదు, సాయిలు విడమరచి చెప్పాడు కదా.

వాలు కింద మల్లయ్య జామతోట. మాదీ ఆయనదీ ఒకటే ఊరు, మన్నళ్ళి. వరసకు మామ అవుతాడు. ఎంత ఎండాకాలమైనా ఆయన బావి ఎండింది లేదు. మరుసటి వేసవికి నీళ్లు అడుగంటాయి. వచ్చీరాని కన్నడంలో ఆఫీసుల చుట్టూ తిరిగితే పొమ్మన్నారట. చివరికి నా దగ్గరికొచ్చాడు. తెలుగు మాట్లాడేవాణ్ణి, సొంతూరివాణ్ణి. అప్పుడు నేను గోడలకు పూస్తున్న సున్నం గిలాబు చూసుకుంటున్నాను.

"బిడ్డా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. బునాది తవ్వంగ మీకేమన్న సురంగ్ తగిలిందా? మా తాత చెప్తుండె, నీళ్లు ఈ దిక్కు నుంచే వస్తయని."

"లేదు మామా. అంతా ఎర్రరాయే. ఏం తగల్లే."

"పక్కా?"

"పక్కా మామా. ఈసారి వానలు తక్కువైనయ్ గద."

"నువ్వు చెప్తున్నవంటే సరే. మనూరోనివి, నాకెందుకు అబద్ధం చెప్తవ్?"

నమ్మాడు. అదే నన్ను చంపుతోంది. గట్టిగా తిట్టి ఉంటే, గల్లా పట్టుకుని ఉంటే, బహుశా నిజం కక్కేసేవాణ్ణి. భార్యాభర్తలిద్దరూ ఆ వేసవంతా బావిని ఇంకా లోతుకు తవ్వారు. మందిరం మెట్ల మీద నిలబడితే వాళ్లు మట్టి గంపలు మోయడం కనిపించేది. నల్లరాయి పడింది గాని నీటి చుక్క పడలేదు. అప్పటికింకా మందిరం తెరవలేదు. ఒక్క మాట చెబితే వారం రోజుల్లో ఆ రాళ్లన్నీ తీయించేవాళ్లు. ఎందుకు చెప్పలేదు? జనం నన్ను మెచ్చుకోవడం మొదలైంది, అందుకు. ఆ మరుసటి ఏడాది జామచెట్లు కట్టెలకు పోయాయి.

గురూజీ జాలిపడి మల్లయ్యకు మందిరంలోనే పనిచ్చాడు. ఊడుస్తాడు, వీధి నల్లా నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి మొక్కలకు పోస్తాడు. ఎక్కడెక్కడి నుంచో ఇంజినీరింగు పిల్లలొచ్చి, ఇది నేలను ఎంత గౌరవించి కట్టిన కట్టడమో అంటూ ఫొటోలు తీసుకుంటారు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది నాకు. పక్కనుంచి మల్లయ్య మామ, ఇది మా ఊరి బిడ్డ కట్టిందని గర్వంగా చెబుతాడు. అప్పుడు అరవాలనిపిస్తుంది. ఎవరి మీద అరవను? మెచ్చుకునేవాళ్ల మీదా? ఆయన మీదా? లోపల అందరూ కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చుంటారు. నేను మాత్రం అక్కడ అయిదు నిమిషాలు కూర్చోలేను. నేను కట్టిన హాలులో నాకే ఊపిరాడదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎక్కడికి పోతుంది? నీళ్లై మల్లయ్య బావిలోకి పోతుందా? ఇంత రాశాక గుండె కొంచెం తేలికైన మాట నిజం. అది కూడా నాకు చిరాకుగానే ఉంది. ఆయన బిందె బరువు తగ్గలేదు కదా. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలోనూ లేదు.

గురూజీ గద్దె కింద నాలుగడుగులు తవ్వితే సురంగం నోరు దొరుకుతుంది. తెలిసే పూడ్పించాను. మల్లయ్య మామ వచ్చి అడిగితే, లేదన్నాను.