మందు పెట్టని జుట్టు

ఆమెను అందరూ తుట్టె అనే పిలుస్తారు. బళ్లో రెండో తరగతిలో ఎవడో మహానుభావుడు ఆమె జుట్టు చూసి తేనెతుట్టె అన్నాడు. అంతే, పెట్టిన పేరు ఏమైందో పెట్టినవాళ్లే మరిచిపోయారు. ఉంగరాలు తిరిగి, దట్టంగా, ఎంత అణచినా మళ్లీ లేచి కూర్చునే జుట్టు. వాళ్లమ్మ రోజూ పొద్దున్నే ఆ తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని దువ్వేది. దువ్వెన పళ్లు ఊడినప్పుడల్లా వీపు మీద ఒకటి వేసి, "ఇది జుట్టా, పీచా? ఎవరి పోలికే నీకు?" అని అడిగేది. ఎవరి పోలికో అమ్మకు బాగా తెలుసు. మేనత్తల పోలిక. మేనత్తలంటే అమ్మకు గిట్టదు, అందుకే దెబ్బ కాస్త గట్టిగా పడేది.

అలాంటి తల ఉన్న మనిషి పోయి పోయి బ్యూటీ పార్లర్‌లో పనికి చేరింది. పార్లర్ పెద్దమ్మ కూతురిది. సొంత అక్క లేదు కాబట్టి తుట్టెకు అక్క అంటే ఆవిడే. రెండు గదులు. ముందు గదిలో మూడు కుర్చీలు, మూడు అద్దాలు, వీధివైపు గాజు తలుపు. వెనక గదిలో తలలు కడిగే సింకు, తువ్వాళ్లు ఉతికే మిషన్, పక్క బిల్డింగ్ గోడ తప్ప ఇంకేమీ కనిపించని ఒక కిటికీ. పదిహేడో ఏట వెనక గదిలో చేరిన తుట్టె, ఆరేళ్లు తలలు కడిగి కడిగి, ముందు గదికి వచ్చింది. అందులోనూ తలుపు పక్క కుర్చీకి.

తలుపు పక్క కుర్చీ అంటే మాటలు కాదు. వీధిలో పోయేవాళ్ల కంట ముందు పడేది అదే. ఆ కుర్చీ వెనక నిలబడే మనిషిని చూసే లోపలికి రావాలో వద్దో తేల్చుకుంటారు జనం. లెక్కల టీచరమ్మ ఒకావిడ ఫోన్ చేసి "తుట్టె ఉందా? ఉంటేనే వస్తా" అనేది. పెళ్లి సంగతి అడక్కండి, అయింది, పోయింది, ఆమె మళ్లీ అమ్మ దగ్గరికి వచ్చేసింది. జీవితంలో తన చేతులతో సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే ఆ కుర్చీయే.

అక్కకు ఒక నియమం ఉంది. దాన్ని వచ్చిన ప్రతివాళ్లకూ గొప్పగా చెప్పుకునేది. "మన తల మీద పడని మందు కస్టమర్ తల మీద పడకూడదండీ" అని. వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి. మన తల అంటే ఎవరి తల? అక్క జుట్టు పలచన, తట్టుకోదు. చిన్నది అని ఇంకో అమ్మాయి ఉండేది, దానికి మందు వాసనకే తుమ్ములట. ఇక మిగిలిన తల ఎవరిదో చెప్పాలా? కంపెనీ వాళ్లు జుట్టు నిటారుగా చేసే కొత్త మందు ఏది తెచ్చినా ముందు తుట్టె నెత్తిన పడేది. మూడు నెలలకోసారి, పన్నెండేళ్లు.

ఆమెను ఎవరూ కట్టేసి కూర్చోబెట్టలేదు, అది కూడా చెప్పాలి. మొదటిసారి జుట్టు నిటారుగా, నున్నగా, భుజాల మీదికి జారినప్పుడు బస్సు దిగి ఇంటికి నడిచినంతసేపూ తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. అమ్మ తలుపు తీసి, గుర్తుపట్టనట్టు చూసి, తల మీద చెయ్యి వేసి పైనుంచి కింది దాకా నిమిరి, "ఇప్పుడు మనిషిలా ఉన్నావే" అంది. అమ్మ చెయ్యి తన తల మీద మెత్తగా పడటం తుట్టెకు అదే మొదలు. ఆ చెయ్యి కోసం ఇంకా ఎన్ని డబ్బాల మందైనా పెట్టించుకునేది.

ఆ మందుల్లో రెండు జాతులున్నాయి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. పడితే జుట్టు తడిసిన కాగితంలా విడిపోతుంది. అందుకే పార్లర్‌లో ప్రతి కస్టమర్‌కీ ఒక కార్డు ఉంటుంది. ఏ తేదీన ఏ జాతి మందు పెట్టారో అందులో రాసి ఉంటుంది. కార్డు చూడకుండా డబ్బా మూత తీస్తే అక్క ఊరుకోదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేది తుట్టే. లెక్కల టీచరమ్మకు మూడేళ్ల కింద ఏ మందు పెట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అయితే కార్డులు కస్టమర్లకు. పనివాళ్ల తలకు కార్డు ఎవరు రాస్తారు?

ఒకసారి ఒక కంపెనీ మనిషి ఉచితంగా ఇచ్చిపోయిన మందు ఆమె తలకు పెట్టి చూశారు. పెద్దగా పని చెయ్యలేదని డబ్బా పారేశారు, పారేసి మరిచిపోయారు. అది రెండో జాతిది. ఆ సంగతి అక్కకు గుర్తు లేదు, చిన్నదానికి గుర్తు లేదు, ఊరందరి తలల చరిత్రా నోటికి వచ్చిన తుట్టెకు తన తల సంగతి గుర్తు లేదు. తొమ్మిది వారాల తర్వాత, ఎప్పుడూ వాడే మొదటి జాతి మందు కలిపారు, పూశారు, గడియారం చూశారు. చిన్నది సింకు దగ్గర కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి దాని చేతులు ఆగిపోయాయి.

"అక్కా... నీళ్లు పోవట్లేదు," అంది చిన్నది.

సింకు రంధ్రానికి జుట్టు అడ్డం పడింది. తుట్టె లేచి సింకులోకి చూసింది. వెనకవైపు చెవి నుంచి చెవి దాకా నాలుగు వేళ్ల ఎత్తున పీలికలు మిగిలాయి. ముందువైపు కాస్త ఉంది గాని పట్టుకుంటే చేతికి వస్తోంది. ఆమె ఏడవలేదు. తల పట్టుకోవాలనిపించి, పట్టుకోవడానికి భయపడి, చేతులు గాల్లో అలాగే ఉంచుకుని నిలబడింది.

అక్క పరుగున వచ్చింది. చూసింది. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవరికీ చెప్పకండి." రెండో మాట, "పెరుగుతుందిలేవే, జుట్టే కదా." మూడోది అనడానికి మాత్రం కాస్త సిగ్గుపడింది. "కొన్నాళ్లు వెనక గదిలో ఉండు. స్కార్ఫ్ కట్టుకో. తలుపు పక్కనే ఇలాంటి తల కనిపిస్తే ఎవరొస్తారు చెప్పు? జుట్టు వచ్చాక నీ కుర్చీ నీకే. మాటిస్తున్నా."

తుట్టె ఆ మాట పట్టుకుంది. ఇంకేం పట్టుకుంటుంది?

అలా పన్నెండేళ్ల తర్వాత మళ్లీ సింకు దగ్గరికి. తలుపు పక్క కుర్చీ వెనక చిన్నది నిలబడింది. మొదటి వారం లెక్కల టీచరమ్మ వెనక గదిలోకి తొంగిచూసి, "అయ్యో, ఒంట్లో బాలేదా?" అని అడిగితే అక్క ముందు గదిలోంచే "దానికి కొంచెం నీరసమండీ, నేనే కూర్చోమన్నా" అంది. వాళ్ల తప్పుకు తనకు జబ్బు అంటగట్టినందుకు తుట్టెకు తల కొట్టేసినట్టయింది. రెండో నెల నుంచి టీచరమ్మ కూడా చిన్నదాన్ని అడగడం నేర్చుకుంది.

చచ్చిన జుట్టు మీద కొత్త జుట్టు పెంచడం ఎలాంటిదో పెంచినవాళ్లకే తెలుసు. కింద నిటారుగా, ఎండుగడ్డిలా పాతది. మొదళ్ల దగ్గర ఉంగరాలుగా కొత్తది. రెండూ కలిసేచోట వెంట్రుక బలహీనంగా ఉంటుంది, దువ్వెన తగిలితే అక్కడే తెగుతుంది. అంతా ఒకేసారి గొరిగించేస్తే పీడా పోయేది. కానీ అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "గుండుతో ఈ ఇంట్లో అడుగుపెట్టకు" అంది. కాబట్టి చెవుల దాకా కత్తిరించుకుని, రెండు నెలలకు అరంగుళం చొప్పున పాతది కోసుకుంటూ వచ్చింది. దువ్వెన మానేసింది. తడిగా ఉన్నప్పుడు వేళ్లతోనే చిక్కు తీసుకునేది. దిండుకు పాత సిల్కు గుడ్డ కుట్టుకుంది. తువ్వాలుతో రుద్దకుండా ఒత్తుకునేది. కస్టమర్లకు చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయిన జాగ్రత్తలన్నీ మొదటిసారి తనకు తాను చెప్పుకుంది.

"ఏమిటే ఈ అవతారం? సగం పీచు, సగం గడ్డి. ఇంకోసారి పెట్టించుకుంటే అణిగి ఉంటుంది కదా," అని అమ్మ రోజూ సణిగేది.

"పెట్టించుకునే కదమ్మా ఇలా అయింది."

"నీ చేతగానితనం. మందునెందుకు అంటావ్?"

అమ్మ చెయ్యి మళ్లీ ఆ తల మీద పడలేదు, దెబ్బకు కూడా.

ఎనిమిదో నెలలో ఒకరోజు సింకు దగ్గర నిలబడి మెడ వెనక తడుముకుంటే ఒక ఉంగరం చూపుడువేలికి సరిగ్గా పట్టింది. లాగి వదిలితే మళ్లీ చుట్టుకుంది. మళ్లీ లాగింది. ఎంత మెత్తగా ఉందని! పీచు పీచు అని ఇంటా బయటా తిట్టారే, పీచు ఇలా ఉంటుందా? ముప్పై అయిదేళ్ల మనిషి, ఊళ్లో సగం మంది తలలు తడిమిన మనిషి, తన జుట్టు ఎలా ఉంటుందో అప్పుడే తెలుసుకుంది. ఆమెకు నవ్వూ వచ్చింది, ఇన్నేళ్లు దాన్ని తగలేసినందుకు ఏడుపూ వచ్చింది. ఆ రోజు నుంచి కుర్చీ కోసం పెంచుతోందో, జుట్టు కోసమే పెంచుతోందో ఆమెకే తెలియదు.

ఇరవై రెండు నెలలు. ఆఖరి గడ్డిపరకలు కోసేరోజు చిన్నది చేతి అద్దం పట్టుకుని వెనక నిలబడింది. కోసిందంతా తుడిచి పారేశాక, "అక్కా, నీ జుట్టు ఇలా ఉంటుందా?" అంది. కళ్లల్లో అబద్ధం లేదు. "నాకూ ఇప్పుడే తెలిసింది," అంది తుట్టె.

మర్నాడు స్కార్ఫ్ లేకుండా వచ్చింది. భుజాల దాకా నల్లగా, నిండుగా, ఉంగరాలు ఉంగరాలుగా జుట్టు. తలుపు తాళం తీస్తున్న అక్క వెనక్కి తిరిగి కాసేపు కన్నార్పలేదు. దగ్గరికి వచ్చి, పనిమంతురాలు కదా, వేళ్లు మొదళ్లలోకి పోనిచ్చి చూసింది.

"అబ్బ, ఎంత బలంగా వచ్చిందే! ఒక్క మందు కూడా పడని తల. ఇలాంటిది ఈ రోజుల్లో దొరకదు."

"మరి కుర్చీ అక్కా?"

"నీదే. నేను మాట తప్పే మనిషినా? సోమవారం కొత్త కంపెనీ వాళ్లొస్తున్నారు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది అని ఫొటోలు కావాలట. నీ తలకు పెట్టేద్దాం. మంగళవారం నుంచి తలుపు పక్కన నిలబడు."

తుట్టె ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక చెయ్యి జుట్టు మీదికి పోయింది. "మళ్లీ పెట్టమంటావా?"

"లేకపోతే? జుట్టు నిటారుగా చేసే కుర్చీ వెనక ఈ ఉంగరాలేసుకుని నిలబడతావా? ఎవరు నమ్ముతారే మనల్ని? ఈసారి జాగ్రత్తగా పెడతాంలే."

"వద్దక్కా. నా తల ఇవ్వను."

తను అంత మాట అనగలదని తుట్టెకే తెలియదు. అక్క మొహంలో రంగు మారింది గాని గొంతు పెంచలేదు. తాళం గుత్తి సొరుగులో పడేసి, "సరే. తల నీది, కుర్చీ నాది. వెనక తువ్వాళ్లున్నాయి చూడు," అంది.

తుట్టె వెనక్కి వెళ్లింది. మనసులో ఎక్కడో ఒక మూల కాస్త గర్వంగా ఉంది. కుర్చీ పోతే పోయింది, ఇది మిగిలింది, దీన్ని ఎవరూ ముట్టుకోలేరు అనుకుంటూ తువ్వాళ్లు మడతపెట్టింది. ఆ గర్వం ఒక పూట కూడా నిలవలేదు.

మధ్యాహ్నం కొత్తావిడ ఒకామె వచ్చింది. బ్యాంకులో పని, మంచి ఒత్తైన జుట్టు, కాస్త వంకీలు తిరిగింది. చివర్లు కత్తిరించుకుందామని వచ్చింది పాపం. తల కడగడానికి సింకు మీద వెనక్కి వాలి, పైకి చూసి, తుట్టె జుట్టు చూసి, కళ్లు పెద్దవి చేసింది.

"ఎంత బాగుందండీ మీ జుట్టు! ఏం వాడతారు?"

ఇరవై రెండు నెలల్లో కాదు, పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి. తుట్టె నీళ్లు ఆపి నోరు తెరిచింది. ఏమీ వాడనండీ, వాడటం మానేశాను, మీరు కూడా ఏదీ పెట్టించుకోకండి అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ముందు గదిలోంచి అక్క గొంతు ఖంగుమంది.

"అంతా మా ట్రీట్‌మెంటేనండీ! రెండేళ్ల కింద ఆ పిల్ల తల చూస్తే మీరు జడుసుకునేవారు. చిన్నదాన్నడగండి కావాలంటే. ఏమే, చెప్పవే!"

చివరి మాట తుట్టెకు. చిన్నది ఎటో చూసింది. బ్యాంకావిడ పైకి చూస్తూనే ఉంది, మొహమంతా ఆశ. తుట్టెకు ఇరవయ్యేళ్లుగా ఈ రెండు గదులు తప్ప ఇంకో చోటు తెలియదు, ఇంకో పని తెలియదు. పొద్దున ఒకసారి కాదంది. ఒక్క రోజులో రెండుసార్లు కాదనడానికి ఆమెకు గుండె చాలలేదు.

"అవునండీ," అంది. "ఇక్కడిదే."

"అయితే నాకూ అదే చేసేయండి," అంది బ్యాంకావిడ సంబరంగా.

తుట్టె ఆవిడ తల తువ్వాలుతో ఒత్తి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. చిన్నది డబ్బా మూత తీసింది. మందు వాసన ముందు గదంతా నిండింది. తుట్టె వెనక గదికి వచ్చి తలుపు చేరవేసి, స్కార్ఫ్ వెతికి తలకు బిగించి కట్టుకుంది. జుట్టు సింకులో ఊడిపడిన రోజు కూడా దాని మీద జాలే వేసింది గాని అసహ్యం వేయలేదు. ఇప్పుడు మొదటిసారి వేసింది.