ఖాళీ డబ్బాలో పిడికెడు బియ్యం

మా సంఘపు బైబిలమ్మ చనిపోయిన కబురు నా ఫోనుకు రెండుసార్లు వచ్చింది. మొదటిది చర్చి పాత వాట్సాప్ గ్రూపులో, రెండోది మా అన్న ఈ మధ్య విడిగా పెట్టిన గ్రూపులో. ఫొటో మాత్రం ఒకటే. పోయిన క్రిస్మస్‌కు తెల్లచీర కట్టుకుని, తీసేవాళ్ల మీద చిరాకు పడుతున్నట్టు చూస్తున్న ఫొటో. "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట రెండింట్లోనూ ఉంది. ఒకదాంట్లో సమాధి ప్రార్థన పదకొండింటికని ఉంటే, రెండోదాంట్లో "మనవాళ్లు పదింటికే వచ్చి ఒకచోట నిలబడాలి" అని ఉంది. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, నాకు ఏడుపు కంటే ముందు గాభరా వచ్చింది. రేపు ఎవరి పక్కన నిలబడాలి?

ఆమెను ఎరగనివాళ్లకు కాస్త చెప్పాలి. వరంగల్ కాశిబుగ్గలో మా చర్చి చిన్నది. పాస్టరును మేం అయ్యగారు అంటాం. ఆయన ఆదివారం ప్రసంగం చెప్తే, మిగతా ఆరు రోజులు ఇల్లిల్లూ తిరిగేది ఆమె. జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన వాక్యం చదవడం, బాలింతలకు ప్రార్థన చేయడం, అలిగి చర్చికి రావడం మానేసినవాళ్లను పలకరించడం ఆమె పని. నేను పుట్టినప్పటి నుంచి ఆమె బైబిలమ్మే. శవపెట్టె మీద రాసిన అసలు పేరు చూసి మా పక్కింటామె "గీమె ఎవరు?" అని నన్నడిగింది.

మా ఇళ్లలో ఒక అలవాటు ఉంది. అన్నానికి తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, విడిగా ఒక డబ్బాలో వేస్తాం. అది దేవుని బియ్యం. శనివారం బైబిలమ్మ సంచీతో వచ్చి తీసుకుపోతుంది. కొంత అయ్యగారింటికి, కొంత ఒంటరి ముసలివాళ్లకు. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, గడప మీదే కూర్చునేది. టీ సాసర్లో పోసుకుని తాగేది. డబ్బా మూత తీసి ముందు వాసన చూసేది. "పురుగు పట్టేటట్టున్నది, యాపాకు ఎయ్యి" అనేది. కూర రుచి చూడమంటే ఉన్నమాట చెప్పేది. నా కూరల్లో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే.

ఇక అసలు సంగతికి రావాలి, రాకుండా ఇంతదాకా తిప్పుతున్నాను.

పోయిన ఎండాకాలం మా అమ్మ దవాఖానలో పడింది. బతకదని ఆమెకూ తెలుసు. ప్రభురాత్రి భోజనం తీసుకుని పోవాలని ఒకటే కోరిక. ఆ రొట్టె, ద్రాక్షరసం అయ్యగారే ఇవ్వాలి. అన్న ఫోన్ చేస్తే ఆయన "రేపు పొద్దుగాలనే వస్త" అన్నారు. ఆ సాయంత్రం హన్మకొండలో ఎవరో పెద్దాయన కొత్త ఇంటి ప్రార్థనకు వెళ్లారు. అక్కడ నవ్వుతూ విందు బంతిలో కూర్చున్న ఫొటో మా ఫోన్లకే వచ్చింది. అమ్మ పక్కన ఉన్నది బైబిలమ్మ. అమ్మ అడుగుతుంటే, "గది ఇచ్చే అధికారం నాకు లేదక్కా" అని అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అయ్యగారి "రేపు" వచ్చేసరికి అమ్మ లేదు.

అన్న ఆయన్ను క్షమించలేదు. నేనూ క్షమించలేదు, కాని అన్నలా పైకి అనే ధైర్యం నాకు లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే కొన్ని ఇళ్లలో దేవుని బియ్యం ఆగిపోయింది. అయ్యగారి మీద కోపం చూపించడానికి మాకు తోచిన దారి అది. అన్నదీ నాదీ ఒకే కాంపౌండు, ముందు వాటా అన్నది, వెనుక వాటా నాది. రెండు వాటాల్లోనూ డబ్బాలు ఖాళీ అయ్యాయి.

ఆ మొదటి శనివారం ఆమె వస్తుందని తెలుసు. తిడుతుందేమో, వాక్యం చూపిస్తుందేమో అని పొద్దుటి నుంచే జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె వచ్చింది, డబ్బా మూత తీసింది, చూసింది. తన సంచీలోంచి, అప్పటికే నాలుగిళ్ల బియ్యం కలిసిన దాంట్లోంచి, ఒక పిడికెడు తీసి మా డబ్బాలో వేసింది. దాని మీద చెయ్యి పెట్టి మా ఇంటి కోసం, అయ్యగారి కోసం ఒకే ప్రార్థనలో అడిగింది. తర్వాత ఆ పిడికెడూ మళ్లీ సంచీలో పోసుకుంది.

"ఏం చేస్తానవమ్మా?" అన్నాను.

"ఖాళీ డబ్బా మీద ప్రార్థన చెయ్యబుద్ధి కాదు బిడ్డా. టీ పెడతవా, పోవాల్నా?"

అన్న వాటాలోనూ అంతే చేసింది. అన్న ఊరుకుంటాడా? "గసొంటాయన చేతుల రొట్టె మేమెట్ల తీసుకోవాలె?" అని నిలదీశాడు.

"రొట్టె ఆయనది గాదు గద కొడుకా."

"అంటె ఆయన చేసింది తప్పు గాదంటవా?"

"తప్పే. కాదని నేనెప్పుడన్న? అక్క చెయ్యి పట్టుకున్నది నేను. నాకంటె నీకెక్కువ తెల్వది."

తర్వాత నేను ఆమెను ఒంటరిగా అడిగాను, అసలు అయ్యగారు మంచివాడా చెడ్డవాడా అని. సాసర్లో టీ ఊదుకుంటూ చెప్పింది: "మంచోడే. జర పెద్దోళ్లింట్ల బువ్వంటె ఆశ. నాకు చాయంటె ఆశ. నీకు కోపమంటె ఆశ."

ఒక శనివారం సంచీ మోయడానికి నన్ను తోడు రమ్మంది. అయ్యగారింటికని తెలిసే వెళ్లాను, ఎందుకు వెళ్లానో తెలియదు. అయ్యగారు సంచీ ఎత్తి చూసి, నా వైపు చూడకుండా అడిగారు. "తేలికగున్నదమ్మా. ఎవరెవరు ఆపిండ్రు?"

"బియ్యం మీద పేర్లుండయి అయ్యగారు" అంది ఆమె. ఆ తర్వాత గొంతు పెంచకుండానే అంది, "మీరు అడుగవలసింది నన్ను గాదు. ఆ అక్క మిమ్ములను పిలిచింది, మీరు పోలే. వాళ్లింటికి పోయి ఆ మాట మీ నోటితోని చెప్పాలె. ఇంకోటి, ఇగ ఎవరు పిలిచినా చెప్పులు ఎతుక్కోకుంట ఉరుకాలె."

ఆయన ముఖం ఎర్రబడింది. "పోత" అన్నారు. దారిలో ఆమె మార్కెట్లో వంకాయలు బేరం చేసింది.

వారం తర్వాత ఆయన నిజంగానే వచ్చారు. మా గేటు దాకా. అన్న ముందు వరండాలో పేపరు చదువుతున్నాడు, తలెత్తలేదు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. ఆయన గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు. నేను ఒక్క పిలుపు పిలిస్తే లోపలికి వచ్చేవారు. పిలవలేదు. ఆయన తిరిగి వెళ్లిపోతుంటే నాకు కాస్త సంతోషం కూడా కలిగింది. ఈ సంగతి చెప్పినప్పుడు బైబిలమ్మ నా మీద కోప్పడింది, అదే మొదటిసారి. "ఒక్క మాట, నోరు తెరిస్తె అయిపోతుండె" అని, టీ తాగకుండా వెళ్లిపోయింది.

తర్వాత నేనూ తెరవలేదు, ఆయనా మళ్లీ రాలేదు. అన్న ఒక హాలు అద్దెకు మాట్లాడాడు. ఈ ఆదివారం నుంచి అక్కడ వేరే ఆరాధన అని గ్రూపులో పెట్టాడు.

చనిపోవడానికి ముందు శనివారం కూడా ఆమె వచ్చింది. దగ్గుతో మనిషి వంగిపోయింది. ఎప్పటిలాగే పిడికెడు వేసి, చెయ్యి పెట్టి ప్రార్థించింది. మధ్యలో దగ్గు తెర వస్తే నీళ్లిచ్చాను. "ఈ సంఘం చీలొద్దు బిడ్డా, నాకు గదే ఫికర్" అంది. నేను వినపడనట్టు గ్లాసు కడగడానికి లోపలికి వెళ్లాను. బయటికి వచ్చేసరికి ఆమె గేటు దాటుతోంది. డబ్బాలో బియ్యం సంచీలో పోసుకోవడం మరిచిపోయింది.

ఆమెను దవాఖానలో చేర్చిన రోజు అయ్యగారు ఉరికి వచ్చారట, ఒక కాలికి ఒక తీరు, ఇంకో కాలికి ఇంకో తీరు చెప్పుతో. ప్రభురాత్రి భోజనం ఇచ్చారట. విన్నప్పుడు నాకు తృప్తి కలగలేదు, కడుపు మండింది. మా అమ్మకు అందనిది ఈమెకు అందింది. కాసేపటికి తట్టింది, మా అమ్మకు అందలేదు కాబట్టే ఆయన ఆ రోజు అలా ఉరికారు.

సమాధి దగ్గర రెండు గుంపులూ రెండు వైపులా నిలబడ్డాయి. నేను ఆమె కాళ్ల వైపు నిలబడ్డాను, అది ఎవరి పక్షమూ కాదనుకుని. అయ్యగారు ఎప్పటిలాగే ఎక్కువసేపు మాట్లాడారు, మధ్యలో ఆయన ఫోనే మోగింది. అన్న పళ్లు నూరుకున్నాడు. మట్టి వేయడానికి అటువాళ్లు వెళ్లాకే ఇటువాళ్లు కదిలారు.

మర్నాడు శనివారం. అన్న వచ్చి, "రేపు తొమ్మిదింటికి హాలుకు ఆటో మాట్లాడిన, రెడీగుండు చెల్లే" అన్నాడు. తలూపాను. వంటకు బియ్యం తీస్తూ అలవాటుగా గేటు వైపు చూశాను, సంచీతో వచ్చే మనిషి లేదు. అప్పుడు ఏడ్చాను, బాగా ఏడ్చాను. డబ్బా దించి మూత తీశాను. ఆమె పిడికెడు అలాగే ఉంది, దొడ్డువీ సన్నవీ కలిసి, నాలుగిళ్ల బియ్యం. దాని మీద నాది ఒక పిడికెడు వేశాను. చెయ్యి పెట్టాను గాని నాకు మాటలు రాలేదు.

డబ్బా పట్టుకుని అయ్యగారింటికి నడిచాను. అయ్యగారి భార్య, మా అమ్మగారు, చేట తెచ్చి పోయించుకుంది. అయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. ఎవరింటి బియ్యమని అడగలేదు.

"ఆ దినం మీ గేటు దాక వచ్చిన బిడ్డా" అన్నారు.

"చూసిన అయ్యగారు. కిటికీల ఉన్న. పిలువలే."

ఆయన తలూపారు. "రేపు పొద్దుగాలనే మీ అన్న దగ్గరికి వస్త."

ఆ మాట వినగానే నా ఒళ్లు మండింది. "రేపు గాదు అయ్యగారు. ఇప్పుడు రావాలె" అన్నాను. ఆయనతో నేను అలా మాట్లాడడం అదే మొదలు.

ఆయన చెప్పులు వెతుక్కోలేదు. ఎండకు రోడ్డు కాలుతుంటే వట్టి కాళ్లతో ముందు నడిచారు, వెనక నేను. దారి పొడుగునా అన్న అరుస్తాడా, చెయ్యి చేసుకుంటాడా అన్నదే నా భయం. ఈసారి గేటు నేను తీశాను.

అన్న వరండాలోకి వచ్చాడు. అయ్యగారు మెట్టు కిందే ఆగి, "అమ్మ పిలిస్తె నేను రాలే. తప్పు నాదే" అన్నారు. ఇంకేమీ కలపలేదు, ఆయనకు అదే ఎక్కువ. అన్న ఆయన కాళ్ల వైపు చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపలికి వెళ్లిపోయాడు గాని తలుపు వేయలేదు.

మేమిద్దరం ఆ తెరిచిన తలుపు ముందు ఎండలో నిలబడ్డాం. ఏం చేయాలో తోచక నా చెయ్యి ఇంకా చంకలోనే ఉన్న ఖాళీ డబ్బాలోకి వెళ్లింది. అడుగున ఒకటో రెండో గింజలు వేలికి తగిలాయి.