గుట్ట కనబడని వైపు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో కిటికీ పక్కన ఒక అమ్మాయి, ఆమె పక్కన నేను. జర్మనీలో చదువుతోందట, సెలవులకు కుప్పంలో వాళ్లింటికి పోతోందట. నాకంటే రెండు మూడేళ్లు చిన్నదేమో.

పుంగనూరు ఇంకా రాకముందే బయటికి చూపించి, "ఆ గుట్ట మీద ఏముండాదక్కా?" అంది.

"ఏముంటాది, రాళ్లు," అన్నాను, ఎక్కి చూసినట్టు. చిన్నప్పటి నుంచి ఆ దారిలో తిరుగుతున్నా ఒక్కసారీ అక్కడ దిగలేదు.

"నువ్వు ఎప్పుడూ ఎక్కినట్టు లేదే, బయమా? ముందు నాకూ శానా బయమక్కా. మదనపల్లెకు రావాలన్నా మా నాయన తోడుండాల్సిందే. జర్మనీకి పోయిన కొత్తల్లో తెలీక వేరే ఊర్లో రైలు దిగేస్తిని. పొద్దుగూకే దాకా ఒక్కదాన్నే తిరిగితిని. ఏమీ కాలేదు."

అంటూనే లేచి, బ్యాగు భుజాన వేసుకుని, బస్సు ఆపమంది.

"కుప్పానికి టికెట్ తీసుకుంటివి కదమ్మా," అన్నాడు కండక్టరు.

"ఇంకో బస్సుకు వస్తాలేన్నా."

దిగి గుట్ట వైపు నడిచింది. నాకు ఒళ్లు మండింది. ఆమె కాల్లో ముల్లు దిగాలని, సగం దారిలోనే ఆమె తిరిగి రావాలని కోరుకున్నాను. ఆమె ఖాళీ చేసిన కిటికీ దగ్గరికి జరిగి, కనబడినంత దూరం చూశాను. ఆమె మాత్రం ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఇప్పటికీ ఆ బస్సెక్కితే గుట్ట కనబడని వైపే కూర్చుంటాను.